లెన్సు వెల యెవరు నిర్ణయింతురు?

ఇంటికి కావలసిన వస్తువు ప్రియమైనప్పుడు మనము మొట్టమొదట అంగడివానిని నిందింతుము. చింతపండు, కందిపప్పు, నూనె మొదలగువాని విషయమున ఆ నింద కొంతవరకు సార్థకము కావచ్చును. కాని కొన్ని వస్తువుల వెల అంగడివాని చేతిలో లేదు. రూపాయికిని పరదేశపు నాణెమునకును గల మారకమును బట్టి అది యెక్కుచు దిగుచుండును. కెమేరా లెన్సు అట్టి వస్తువులలో నొకటి.

ఇల్లందువంటి యూరిలో దీనితో గృహిణికేమి పని యని యందురా? పెండ్లిండ్లకు, నామకరణములకు ఫోటోలు తీసి జీవించు కుటుంబములు ప్రతి చిన్న పట్టణమునందును గలవు. అట్టి యింట లెన్సు విలాసవస్తువు కాదు. దర్జీకి కుట్టుమిషను ఎట్టిదో యట్టిది. దానిని కొనుటకు సొమ్ము చాలనప్పుడు తాకట్టునకు పోవునది తరచుగా గృహిణి మెడలోని గొలుసే. కావున ఈ విషయమును మనమును తెలిసికొనుట మంచిది.

మారకమను మాట ఇల్లందునకు క్రొత్తది కాదు. 1871లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఈ ప్రాంతమున బొగ్గును కనిపెట్టెను. 1886లో లండనునందు ఏర్పడిన హైదరాబాదు దక్కను కంపెనీ ఇచ్చటి గనులను త్రవ్వించెను. ఆ కంపెనీ వాటాల బేరము లండనులో పౌనులమీద జరుగుచుండెను. బొగ్గుట్టలో చెల్లునది మాత్రము నిజాము ప్రభుత్వపు హాలీ సిక్కా. గోదావరి యొడ్డునగల భద్రాచలము అప్పుడు మదరాసు రాజధానిలోనిది. అచ్చట చెల్లునది ఇంగ్లీషు ప్రభుత్వపు రూపాయి. దానిని మనవారు కల్దారనెడివారు. ఈ రెంటికిని గల ప్రమాణము నూరు కల్దారులకు హాలీ రూ. 116-10-8, అనగా ఆరు కల్దారులకు ఏడు హాలీలు. శ్రీరామనవమికి భద్రాచలము పోవు యాత్రికులు ముందుగా నాణెము మార్చుకొనవలసియుండెను; మార్చువాడు తన వట్టము తాను తీసికొనుచుండెను. మదరాసులో కల్దారు అరువది రూపాయలకు దొరకు కెమేరాకు హాలీ సిక్కాలో డెబ్బది లెక్కపెట్టవలసివచ్చెడిది. 1950లో భారత రూపాయి హైదరాబాదు రాజ్యమున ప్రవేశపెట్టబడెను. హాలీ సిక్కా క్రమముగా తొలగి, 1959లో బొత్తిగా చెల్లకపోయెను. నాణెము ఒక్కటైనది గాని మారకపు బాధ తీరలేదు. అది గోదావరి దాటి సముద్రము దాటినది, అంతియే.

ఫోటోకళ మన స్త్రీలకు చేరిన వృత్తాంతము కూడ హైదరాబాదుతో ముడిపడియున్నది. నిజాము ఆస్థానపు ఛాయాచిత్రకారుడైన రాజా దీనదయాళుగారు 1892లో ఘోషాస్త్రీల కొరకు ప్రత్యేకముగా నొక స్టూడియో తెరిచిరి. పురుషులు కంటబడకుండుటకై దానిని ఒక ఆంగ్లవనిత నడపెను. ఆ కాలపు కెమేరాలకు మంచి లెన్సులు ఇంగ్లండు, జర్మనీ దేశములనుండి వచ్చుచుండెను. నేడు మనవారు కొను లెన్సులలో పెక్కింటిని చేయించునవి జపాను కంపెనీలు. నాడును నేడును వెల పరదేశపు నాణెములో పుట్టి, రూపాయిలోనికి మారి మన యింటికి వచ్చుచున్నది.

రూపాయి విలువ తగ్గించిన సందర్భములను చూచినచో సంగతి తేటపడును. 1949 సెప్టెంబరులో ఇంగ్లండు తన పౌను విలువను డాలరుతో పోల్చి నూటికి ముప్పది వంతున తగ్గించెను. మన ప్రభుత్వమును అంతే తగ్గించెను. అందుచేత అమెరికా సరుకు ప్రియమయ్యెను గాని, ఇంగ్లండు సరుకునకు మారకమువలన మార్పు రాలేదు. ఇందు నేర్వదగిన దేమనగా, రూపాయి పడినదని విన్నంతమాత్రమున చాలదు. ఏ నాణెముతో పోల్చి పడినదో విచారింపవలెను. 1966 జూనులో మాత్రము రూపాయి ఒంటరిగా పడెను. డాలరు 4 రూపాయల 76 పైసలనుండి 7 రూపాయల 50 పైసలకు ఎక్కెను. నూరు డాలర్ల వస్తువు 476 రూపాయలనుండి ఒక్కదినములో 750 అయ్యెను. 1991 జూలైలో మరల రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గింపబడెను. అటుపిమ్మట మారకమును నిర్ణయించు బాధ్యత క్రమముగా విపణికి వదలివేయబడినందున, అది దినదినమును మారుచున్నది.

ఇప్పుడు లెన్సు వెల యెట్లు ఏర్పడునో చూతము. కంపెనీ జపానుదైనను, లెన్సు థాయిలాండు, చైనా, వియత్నాము దేశములలో తయారుకావచ్చును. కంపెనీ తన లాభనష్టములను యెన్నులలో లెక్కించును. ఓడకూలి, భీమా సాధారణముగా డాలర్లలో ఉండును. ఓడరేవు చేరిన పిదప సుంకము, జి.ఎస్.టి. పడును. పన్ను వెలమీద శాతముగా వేయబడును గావున మారకమువలన హెచ్చిన భాగముమీద కూడ పన్ను పడును. పన్ను నూటికి 18 అనుకొందము. 50,000 రూపాయల సరుకు మారకమువలన 60,000 అయినచో, కొనువాడు అదనముగా నిచ్చునది పదివేలు కాదు, 11,800.

ఇందొక వింత గలదు. 2007లో నూరు యెన్నులకు సగటున 35 రూపాయలు. 2012లో సుమారు 67. 2024లో సుమారు 55. అనగా లక్ష యెన్నుల లెన్సునకు మారకముచొప్పున 2007లో 35,000, 2012లో 67,000, 2024లో 55,000 రూపాయలు కావలెను. 2012 మొదలు 2024 వరకు డాలరు 53 రూపాయలనుండి 84కు ఎక్కినను, యెన్ను మాత్రము మనకు చౌకయైనది. అట్లయినచో లెన్సులును చౌక కావలదా? అంగడిలో అట్లు కాలేదు. మారకము ప్రతికూలించినప్పుడు వెల త్వరగా పెరుగును. అనుకూలించినప్పుడు మెల్లగా, కొంచెముగా తగ్గును, లేదా తగ్గనే తగ్గదు. పాత రేటున తెచ్చిన సరుకు అమ్ముడుకావలెనని వర్తకులు చెప్పుదురు. అంతకంటె పెద్ద కారణమొకటి కలదు. ఫోనులోనే కెమేరా వచ్చిన పిదప జనులు వేరుగా కెమేరా కొనుట మానిరి. 2010లో ప్రపంచమందు 12 కోట్లకు పైగా డిజిటల్ కెమేరాలు కంపెనీలనుండి బయలుదేరగా, 2023లో ఆ సంఖ్య 80 లక్షలు కూడ లేదు. కొనువారు తగ్గినప్పుడు కర్మాగారపు వ్యయమంతయు కొలదిపాటి సరుకుమీద పడును. కంపెనీలును చౌకరకములను తగ్గించి, ప్రియమైన రకములపై దృష్టి నిలిపినవి. కావున పాత వెల తిరిగి వచ్చునని యేండ్లకొలది కాచుకొని కూర్చుండుట వ్యర్థము.

మరి గృహిణి యేమి చేయవలెను? మొదట, ఆ లెన్సు సంపాదనకా, సరదాకా యని నిర్మొగమాటముగా అడుగవలెను. సంపాదనకైనచో అది యెన్ని పెండ్లిండ్లలో తన వెలను తాను తీర్చుకొనునో కాగితముమీద లెక్క వేయవలెను. మాఘమాసపు పెండ్లికి కార్తికములోనే బేరము కుదుర్చుకొని బయానా పుచ్చుకొందురు. ఆ సొమ్ము మారదు. లెన్సు వెల మాత్రము ఈలోపుగా మారవచ్చును. కావున బయానా చేతబడినప్పుడే కావలసిన వస్తువును కొనుటయో, అది కుదరనిచో ఆ నాలుగు దినములకు అద్దెకు తెచ్చుకొనుటయో మేలు. ఏడాదికి రెండుమారులు మాత్రమే పనికివచ్చు లెన్సునకు అప్పుచేయుట అవివేకము.

రెండవది బంగారము సంగతి. బంగారమునకును ప్రపంచమందు వెల డాలర్లలోనే కట్టుదురు. డాలరుతో పోల్చి రూపాయి పడినప్పుడు లెన్సుతోపాటు మీ గొలుసు వెలయును సాధారణముగా ఎక్కును. అనగా గృహిణి బంగారము అట్టి పతనమునుండి ఇంటిని కొంత కాపాడు గొడుగు. లెన్సునకు నాలుగైదేండ్లలో క్రొత్తరకము వచ్చును. పాతదాని వెల తగ్గును. అట్టి వస్తువు కొరకు గొలుసును అమ్మివేయుట, వాన కురియుచుండగా గొడుగు అమ్ముకొనుటవంటిది. తప్పనిసరియైనచో తాకట్టు పెట్టి, విడిపించు గడువును పెండ్లిండ్ల ఋతువు ముగియులోపల నిర్ణయించుకొనుడు. పొదుపు సంఘములో తక్కువ వడ్డీకి దొరకునేమో ముందు విచారింపుడు.

మూడవది, బిల్లు లేని సరుకు. విదేశమునుండి చాటుగా వచ్చినది కొంత చౌకగా దొరకును. కాని చెడినప్పుడు బాగుచేయు పూచీ ఇచ్చట ఉండకపోవచ్చును. ఇట్టి బేరమునకంటె, బిల్లు గల పాత లెన్సును వెలుతురునకు ఎదురుగా పట్టి, లోపల బూజుగాని గీతలుగాని లేవని చూచుకొని కొనుట మంచిది.

కడపటిది మన చేతిలోని పని. ఉన్న లెన్సు పది కాలములపాటు నిలిచినచో ఏ దేశపు మారకమును మనలను బాధింపజాలదు. ఇల్లందున బొగ్గుదుమ్ము ఒకవైపు, అడవిప్రాంతపు వానకాలపు చెమ్మ యింకొకవైపు. దుమ్మును గుడ్డతో రుద్దినచో గాజుమీద గీతలు పడును. ముందు రబ్బరు బుడ్డితో ఊది, పిదప మెత్తని గుడ్డతో తుడువవలెను. వానకాలమున తోలుసంచిలో ఉంచరాదు; తోలు చెమ్మను పట్టియుంచును. గట్టిమూతగల డబ్బాలో సిలికాజెల్ పొట్లములు వేసి, వానిని అప్పుడప్పుడు ఆరబెట్టుచు, లెన్సును దాచవలెను. ఊరగాయ జాడీకి చెమ్మ తగులనీయక ఏడాది పొడుగున కాపాడు గృహిణికి ఇది యొక కష్టమా?

యెన్ను, డాలరు మన మాట వినవు. కాని ఎప్పుడు కొనవలెను, దేనికి అప్పుచేయవలెను, ఉన్నదాని నెట్లు కాపాడవలెనను మూడు మాత్రము మన యింట నిర్ణయము కావలసినవి. ఆ నిర్ణయమున గొలుసు తాకట్టు పెట్టు నామెకును మాట ఉండవలెను.