నోటిపుల్లే కలం

1980ల్లో అమెరికాలోని బెర్కిలీ వీధుల్లో మోటారు బిగించిన స్ట్రెచర్ ఒకటి తిరిగేది. దాని మీద వెల్లకిలా పడుకున్న మనిషే దాన్ని నడుపుకుంటూ యూనివర్సిటీ క్లాసులకి వెళ్లేవాడు. పేరు మార్క్ ఓబ్రయన్. కవి, పాత్రికేయుడు.

1949లో బోస్టన్‌లో పుట్టాడు. పోలియోకు జోనస్ సాల్క్ టీకా వచ్చిందని 1955లో అమెరికా పండగ చేసుకుంది. ఆ ఏడాదే ఆరేళ్ల మార్క్‌ను పోలియో పట్టుకుంది. మెడ కింద కండరాలు దాదాపుగా చచ్చుబడ్డాయి. స్పర్శ మాత్రం పోలేదు. దోమ కుట్టినా తెలుస్తుంది, తోలుకోవడానికి చెయ్యి లేవదు!

ఊపిరి కూడా యంత్రం పెట్టిన భిక్షే. ఐరన్ లంగ్ అంటే పెద్ద ఇనుప పీపా. తల ఒక్కటే బయట ఉంటుంది, మెడ చుట్టూ గాలి పోకుండా రబ్బరు పట్టీ. పీపాలో గాలి ఒత్తిడి తగ్గినప్పుడు ఛాతీ విచ్చుకుంటుంది, పెరిగినప్పుడు ముడుచుకుంటుంది. రోజులో చాలా భాగం మార్క్ అందులోనే. తల పక్కన కీబోర్డు పెట్టించుకుని, పళ్లతో పుల్ల కరిచి ఒక్కో అక్షరమే పొడిచేవాడు. అలాగే కవితలు రాశాడు, పత్రికలకు వ్యాసాలు పంపాడు. ప్రేమకూ స్పర్శకూ మొహం వాచిన తన శరీరం గురించి 1990లో దాపరికం లేకుండా రాసిన వ్యాసమే తర్వాత ‘ది సెషన్స్’ (2012) సినిమా అయింది. దాని దర్శకుడు బెన్ లెవిన్ కూడా పోలియో బాధితుడే.

ఇలాంటి కథ చెప్పి ‘సంకల్పబలం’ అని చప్పట్లు కొట్టడం మనకు అలవాటు. సంకల్పం ఉంది, కాదనను. కానీ అదొక్కటే అయితే మార్క్ ఆసుపత్రి గది దాటేవాడు కాదు. అతనికి ముందే, 1962లో, మరో పోలియో బాధితుడు ఎడ్ రాబర్ట్స్ ఐరన్ లంగ్‌తో సహా అదే యూనివర్సిటీలో చేరాడు. ఆ పీపా బరువుకు హాస్టళ్లు ఆగవని క్యాంపస్ ఆసుపత్రిలోనే గది ఇచ్చారు. వికలాంగులు తమ ఇళ్లలో తామే బతికేందుకు, సహాయకులను తామే ఎంచుకునేందుకు 1972లో బెర్కిలీలో ఒక కేంద్రం వెలిసింది. మార్క్ నడిచింది, అంటే పడుకుని వెళ్లింది, ఆ బాటలోనే. జీతమిచ్చి పెట్టుకున్న సహాయకులు వచ్చి స్నానం చేయించి, తినిపించి వెళ్తే ఆ తర్వాతే కవిత.

అతని మీద జెస్సికా యూ తీసిన ‘బ్రీతింగ్ లెసన్స్’ డాక్యుమెంటరీకి 1997లో ఆస్కార్ వచ్చింది. అదే ఏడు సుసాన్ ఫెర్న్‌బాక్‌తో కలిసి, వికలాంగుల కవిత్వం అచ్చువేసే ‘లెమనేడ్ ఫ్యాక్టరీ’ అనే చిన్న ప్రచురణ సంస్థ పెట్టాడు. 1999 జూలై 4న, యాభై నిండకుండానే పోయాడు.

ఇక మన దగ్గరికి వస్తే, ఆంధ్రప్రదేశ్‌లో మంచానికే పరిమితమైనవారికి 2024 నుంచి నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. మంచి పనే. ఆ డబ్బుతో మీ ఊళ్లో రాత్రీ పగలూ కనిపెట్టుకుని ఉండే మనిషి దొరుకుతారా? ఒకసారి వాకబు చేసి చూడండి.