ఒకే మత్తులో మూడు ఆపరేషన్లు



కిందటి సంక్రాంతి సెలవుల్లో నా పాత విద్యార్థిని ఒకామె మా ఇంటికి వచ్చింది. బళ్ళారిలో జీన్స్ ప్యాంట్లు కుట్టించే చిన్న యూనిట్ నడుపుకుంటోంది. వయసు ముప్పయి ఎనిమిది. ఇద్దరు పిల్లల తల్లి. కాసేపు పిల్లల చదువుల గురించి మాట్లాడి, సంచిలోంచి నాలుగు పేజీల కాగితం తీసి నా చేతిలో పెట్టింది. "టీచర్, దీంట్లో ఏముందో చదివి చెప్పండి. సోమవారం లోపల సంతకం పెట్టి పంపాలంట" అంది.

అది బెంగళూరులోని ఒక నర్సింగ్ హోమ్ వాళ్ళ అంగీకార పత్రం. సగం ఇంగ్లీషు, సగం కన్నడం. ఆమె నా దగ్గర తెలుగు మీడియంలో చదువుకున్న పిల్ల. కన్నడం గలగలా మాట్లాడుతుంది గాని, వైద్యుల కన్నడం ఆమెకు అందదు. సరిహద్దు జిల్లాల్లో ఉండే మనందరికీ ఈ అవస్థ తెలిసిందే. మాట్లాడే భాష ఒకటి, చదువుకున్న భాష ఒకటి, సంతకం పెట్టే కాగితం ఇంకొక భాష.

చదివాను. రెండు కాన్పుల తర్వాత జారిన పొట్టను కోసి బిగించడం, నడుము చుట్టూ కొవ్వు గొట్టంతో పీల్చి తీయడం, రొమ్ములను సరిచేయడం. ఈ మూడూ ఒకే రోజు, ఒకే మత్తులో. విడివిడిగా అయితే ఇంత, కలిపి చేయించుకుంటే ఇంత తక్కువ అని ఫోనుకు ధరల పట్టీ కూడా పంపారు. ఇరవై వేలు అడ్వాన్సు ముందే కట్టేసింది.

నేను నోరు తెరవకముందే ఆమె వాదన సిద్ధంగా ఉంది. "కాన్పు ఆపరేషనుతోనే పిల్లలు పుట్టకుండా ఆపరేషను కూడా చేసేస్తారు కదా టీచర్. ఇదీ అంతే. ఒకసారి మత్తు, ఒకసారి నొప్పి, ఒకసారి యూనిట్ మూసేది. మూడుసార్లు మూసుకుంటే నా పనివాళ్ళు నిలుస్తారా?"

ఆ వాదనను నేను కొట్టిపారేయలేదు. మీరూ కొట్టిపారేయవద్దు. రెండు మూడు చిన్న ఆపరేషన్లు కలిపి చేయడం తప్పేమీ కాదు. కనురెప్పలు సరిచేసేటప్పుడు ముఖం మీద ఇంకొక చిన్న పని కలపడం, ముక్కుతోపాటు గడ్డం సరిచేయడం, ఇవన్నీ అనుభవమున్న సర్జన్లు చేస్తూనే ఉన్నారు. ఆరోగ్యవంతులకు చాలామందికి ఏ ఇబ్బందీ రాదు. అయితే ఆమె చెప్పిన పోలికలో ఒక తేడా ఉంది. కాన్పు ఆపరేషనులో పొట్ట అప్పటికే తెరిచి ఉంటుంది. గొట్టాలు కట్టేయడానికి ఇంకొన్ని నిమిషాలు చాలు, కొత్త కోత అక్కర లేదు. ఇక్కడ అలా కాదు. మూడు చోట్ల మూడు గాయాలు. ఎన్ని ఆపరేషన్లు అన్నది ఒక్కటే లెక్క కాదండీ. ఎన్ని గంటలు, ఎంత రక్తం, ఎంత కొవ్వు అన్నవే అసలు లెక్కలు. ధర కలిపితే తగ్గుతుంది గాని, ఒంటి మీద పడే భారం కలిపితే పెరుగుతుంది.

ఎలా పెరుగుతుందో ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది, కాళ్ళలో రక్తం గడ్డకట్టడం. మనం నడుస్తున్నప్పుడు పిక్కల కండరాలు రక్తాన్ని పైకి నెడుతుంటాయి. మత్తులో ఉన్నంతసేపూ ఆ పని ఆగిపోతుంది. రెండు గంటలు వేరు, ఆరు గంటలు వేరు. పైగా పొట్ట బిగించి కుట్టినప్పుడు లోపలి ఒత్తిడి పెరిగి, కాళ్ళ నుంచి వచ్చే రక్తం నిదానిస్తుంది. నొప్పితో మనిషి మంచం దిగడు. అలా కట్టిన గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది. ఈ ప్రమాదం ఆపరేషను రోజుతో పోదు, కొన్ని వారాల పాటు ఉంటుంది. ఒళ్ళు లావుగా ఉన్నవాళ్ళకు, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్ళకు, ఇంట్లో ఎవరికైనా ఇలా గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్ళకు ఇంకా ఎక్కువ.

రెండోది, నీరూ మందూ. కొవ్వు పీల్చేముందు చర్మం కింద ఉప్పునీటిలో తిమ్మిరి మందు కలిపి ఎక్కిస్తారు. ఆ నీటిలో కొంత ఒంట్లోకి ఇంకుతుంది. మితిమీరితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఆ తిమ్మిరి మందు రక్తంలో బాగా హెచ్చేది కూడా ఆపరేషను జరుగుతున్నప్పుడు కాదు, పది పన్నెండు గంటల తర్వాత. అంటే సాయంత్రమే ఇంటికి పంపేస్తే, ప్రమాదం ఇంట్లో ఉన్నప్పుడు వస్తుందన్నమాట. ఒకేసారి అయిదు లీటర్లకు మించి తీస్తే దాన్ని పెద్ద ఆపరేషనుగా లెక్కించి, రాత్రంతా మనిషిని కనిపెట్టి ఉండాలని అమెరికా ప్లాస్టిక్ సర్జన్ల సంఘం చెబుతుంది.

మూడోది, రక్తమూ వేడీ. ప్రతి గాయం నుంచి కొంత రక్తం పోతుంది. చల్లని గదిలో గంటలకొద్దీ పడుకుంటే ఒంటి వేడి 36 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి దిగవచ్చు. అప్పుడు రక్తం త్వరగా ఆగదు, గాయానికి చీము పట్టే అవకాశం పెరుగుతుంది. అందుకే మంచి ఆస్పత్రుల్లో వెచ్చటి గాలి దుప్పటి కప్పి ఆపరేషను చేస్తారు.

నాలుగోది చర్మం. పొట్ట బిగించేటప్పుడు చర్మాన్ని కింది కండరం నుంచి విడదీస్తారు. దానికి అందే రక్తం అప్పటికే తగ్గి ఉంటుంది. అదే చర్మం కింద కొవ్వు కూడా ఎక్కువగా పీల్చేస్తే, ఆ చర్మం నల్లబడి చచ్చిపోవచ్చు. బీడీ, సిగరెట్టు తాగేవాళ్ళకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. కనీసం నాలుగు వారాల ముందు మానమంటారు.

దీనికి లెక్కలు ఉన్నాయా అంటే ఉన్నాయి. అమెరికాలో 25,478 పొట్ట ఆపరేషన్లను పరిశీలించి 2015లో వివరాలు ప్రచురించారు. మళ్ళీ ఆస్పత్రికి పరుగెత్తాల్సినంత ఇబ్బంది ఎందరికి వచ్చిందని చూశారు. పొట్ట ఒక్కటే చేసినప్పుడు నూటికి ముగ్గురికి. కొవ్వు తీయడమూ రొమ్ము ఆపరేషనూ కలిపినప్పుడు నూటికి నాలుగున్నర మందికి. కొవ్వు తీయడంతోపాటు తొడలు, వీపు వంటి చోట్ల కూడా కోసి బిగించినప్పుడు నూటికి పదిమందికి. మొదటి మెట్టు నుంచి రెండో మెట్టుకు తేడా కొంచెమే, గమనించండి. పైకి పోయేకొద్దీ అది గబగబా పెరిగింది.

అమెరికాలో జరిగిన ఒక సంగతి చెబుతాను. డోండా వెస్ట్ అనే ఆవిడ యూనివర్సిటీలో ఇంగ్లీషు ప్రొఫెసరుగా పనిచేశారు. ప్రసిద్ధ గాయకుడు కాన్యే వెస్ట్ తల్లి. వయసు 58. 2007 నవంబరు 9న లాస్ ఏంజెలెస్ నగరంలో కొవ్వు తీయడమూ రొమ్ము ఆపరేషనూ కలిపి చేయించుకుని ఇంటికి వెళ్ళారు. మర్నాడే చనిపోయారు. గుండె రక్తనాళాల జబ్బు, దానికి తోడు ఆపరేషను తర్వాతి ఇబ్బందులు కారణమని శవపరీక్ష అధికారులు తేల్చారు. ఆ తర్వాత కాలిఫోర్నియాలో ఆవిడ పేరు మీద చట్టం వచ్చింది. అందం కోసం చేసే ఆపరేషను ఏదైనా సరే, అంతకు ముందు 30 రోజుల లోపల ఒళ్ళంతా పరీక్ష చేసి, పనికి వస్తారని రాతపూర్వకంగా ఇచ్చి ఉండాలి. ఫ్లోరిడా రాష్ట్రంలో ఇంకొక నిబంధన ఉంది. ఆస్పత్రి కాని క్లినిక్కులో కొవ్వు ఒక్కటే తీస్తే నాలుగు లీటర్ల దాకా తీయవచ్చు. దానితో ఇంకొక ఆపరేషను కలిపితే ఒక్క లీటరుకు మించకూడదు. కలిపితే భారం పెరుగుతుందని చట్టమే ఒప్పుకుందన్నమాట.

అంత దూరం పోనక్కరలేదు. 2022 మే నెలలో బెంగళూరులో కన్నడ టీవీ నటి చేతనా రాజ్ కొవ్వు తీసే ఆపరేషను తర్వాత చనిపోయింది. వయసు 21. ఒక్క ఆపరేషనుతోనే ఇలా జరగవచ్చని మరవకూడదు.

మళ్ళీ మా అమ్మాయి కాగితం దగ్గరికి వద్దాం. మూడో పేజీ చివర ఒక వాక్యం ఉంది. "ఆపరేషను సమయంలో డాక్టరు అవసరమని తలిస్తే మరే ఇతర ఆపరేషను అయినా చేయడానికి సమ్మతిస్తున్నాను" అని. అది చదివి తెలుగులో చెప్పగానే ఆమె ముఖం మారిపోయింది. "అట్లా ఎవరు ఒప్పుకుంటారు టీచర్?" అంది.

మన సుప్రీంకోర్టు 2008 జనవరిలో సమీరా కోహ్లీ కేసులో ఈ విషయం మీదనే తీర్పు చెప్పింది. పరీక్ష కోసం మత్తు తీసుకున్న స్త్రీకి, ఆమె స్పృహలో లేనప్పుడు తల్లిని అడిగి గర్భసంచి తీసేశారు. ఒకదానికి ఇచ్చిన అంగీకారం ఇంకొకదానికి చెల్లదనీ, ప్రాణం కాపాడటానికి ఆ క్షణంలో తప్పనిసరి అయితే తప్ప అదనంగా ఏమీ చేయకూడదనీ కోర్టు చెప్పింది. అందుచేత, ఒప్పుకోని వాక్యాన్ని కొట్టేయమని అడగడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మీకు తెలిసిన భాషలో చెప్పించుకోవడం మీ హక్కు. అర్థం కానిదానికి సంతకం పెట్టకండి.

ఇప్పుడు మీరు డాక్టరును అడగవలసిన ప్రశ్నలు చెబుతాను. వీలైతే రాసుకోండి.

మొత్తం ఎన్ని గంటలు పడుతుంది? ఆరు గంటలు దాటేలా ఉంటే రెండు విడతలుగా చేయవచ్చా? ఎంత కొవ్వు తీస్తారు? మీరు ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సీహెచ్. గాని డి.ఎన్.బి. గాని చేశారా? మత్తు డాక్టరు మొదటి నుంచి చివరి దాకా పక్కనే ఉంటారా? ఇక్కడ ఐ.సి.యు. ఉందా, లేకపోతే ఎంత దూరంలో ఉంది? రాత్రి ఉంచుకుంటారా? రక్తం గడ్డకట్టకుండా ఏం చేస్తారు? మధ్యలో ఇబ్బంది కనిపిస్తే మిగతా ఆపరేషన్లు ఆపేస్తారా?

ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. అవును, ఆపేస్తాం అని తడుముకోకుండా చెప్పే డాక్టరును నమ్మవచ్చు. ప్యాకేజీ కాబట్టి మూడూ ముగించాల్సిందే అన్నచోట ఆగి ఆలోచించండి. మీరు కూడా ఏదీ దాచకూడదు. బి.పి., షుగరు, ఆస్త్మా, ఆస్పిరిన్, గర్భనిరోధక మాత్రలు, ఆయుర్వేదం మందులు, పొగాకు, అన్నీ చెప్పాలి.

ఇంకొక మాట మన ఊళ్ళవాళ్ళకే ప్రత్యేకం. మనం బెంగళూరుకో, హైదరాబాదుకో, చెన్నైకో పోయి ఆపరేషను చేయించుకుంటాం. మూడో రోజే రాత్రి బస్సెక్కి, కాళ్ళు మడుచుకుని ఎనిమిది గంటలు కూర్చుని ఊరు చేరతాం. కాళ్ళలో గడ్డకట్టడానికి అంతకంటే అనువైన పని ఇంకొకటి లేదు. డాక్టరు సరేననే దాకా ఆ ఊళ్ళోనే ఉండండి. ఆ ఖర్చు కూడా మొదటే లెక్కలో వేసుకోండి. ఒక పిక్క వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, గుండెలో నొప్పి, దగ్గుతో రక్తం, స్పృహ తప్పడం, ఏది కనిపించినా పొద్దున చూద్దామని అనుకోకండి. అప్పటికప్పుడు 108కి ఫోన్ చేసి పెద్దాస్పత్రికి పోవాలి.

మా అమ్మాయి ఏం చేసిందంటారా? ఆ సోమవారం సంతకం పంపలేదు. ముందుగా మా ఊరి డాక్టరు దగ్గర పరీక్షలు చేయించుకుంది. రక్తం తొమ్మిది గ్రాములే ఉంది. నెలనెలా ఎక్కువగా పోతోందట, ఎవరికీ చెప్పలేదు. ఆ రక్తంతో మూడు గాయాలకు ఒప్పుకునేదన్నమాట. మూడు నెలలు మందులు వాడి, తర్వాత ఇంకొక సర్జనుకు చూపించుకుంది. ఆయన పొట్ట ఒక్కటే చేద్దాం, మిగతావి ఆరు నెలల తర్వాత కూడా కావాలనిపిస్తే చూద్దాం అన్నారు. అలాగే చేయించుకుంది. పన్నెండు రోజులు బెంగళూరులో అక్క ఇంట్లో ఉండి వచ్చింది. మొదటి నర్సింగ్ హోమ్ వాళ్ళు ఇరవై వేలు తిరిగి ఇవ్వలేదు. "పోతే పోనీ టీచర్" అంది. మిగతా రెండింటి గురించి మొన్న అడిగితే, "యూనిట్లో పని ఎక్కువగా ఉంది, ఇంక చూద్దాం" అని నవ్వింది.

అందంగా ఉండాలనుకోవడం తప్పని నేను అనను. అది ఎవరికి వారు తేల్చుకోవలసిన సంగతి. అయితే ఇవి ఇవాళ చేయకపోతే ప్రాణం పోయే ఆపరేషన్లు కావు. నెల ఆగవచ్చు, ఏడాది ఆగవచ్చు, రెండు విడతలుగా చేయించుకోవచ్చు. ఆ తీరిక మీకుంది. తొందర ప్యాకేజీ అమ్మేవాళ్ళది. ఎవరైనా మీకు తెలిసినవాళ్ళు ఇలాంటి కాగితం పట్టుకుని వస్తే, పక్కన కూర్చుని మన భాషలో ఒక్కసారి చదివి వినిపించండి.