ఫోనులోని పాచిక: అనుమానం, సాక్ష్యం

మాదన్నపేట మండీలో కూరగాయలు కొనేవారికి తూకం మీద అనుమానం కలిగితే దానికి మార్గం ఉంది. అదే సరుకును మరో త్రాసులో తూచి చూడవచ్చు. తూకపు రాళ్ళకు ప్రభుత్వ ముద్ర ఉన్నదో లేదో అడగవచ్చు. కాని అదే పేటలో ఒక యువకుడు ఫోనులో లూడో ఆడుతూ, తనకు ఆరు పడటం లేదని, ఎదుటివాడికి మాత్రం వరుసగా పడుతోందని అనుమానిస్తే, తూచి చూసుకొనడానికి త్రాసు ఏది?

ఎముకతో చేసిన పాచికనైతే చేతిలోకి తీసుకొని పరిశీలించవచ్చు. ఫోనులో పాచిక లేదు, దాని బొమ్మ మాత్రమే ఉంది. యంత్రం ఒక సూత్రం ప్రకారం అంకెలను పుట్టిస్తుంది. ఆ సూత్రం ఆటగాడికి కనిపించదు. కనుక పడిన అంకెలను బట్టే తీర్పు చెప్పవలసి ఉంటుంది.

ఈ తీర్పుకు జ్ఞాపకం పనికిరాదు. ఓడిన ఆట గుర్తుంటుంది, గెలిచినది మరుపున పడుతుంది. పైగా నిజాయితీ గల పాచికలో కూడా పదిసార్లు వేసినా ఒక్క ఆరైనా పడకపోవడం వందకు సుమారు 16 సందర్భాలలో జరుగుతుంది. కావున ఎన్నిసార్లు వేయాలో ముందే నిర్ణయించుకొని, గెలుపు ఓటములతో నిమిత్తం లేకుండా ప్రతి అంకెనూ కాగితంపై వ్రాయాలి. ఎదుటివాడి అంకెలను విడిగా వ్రాయాలి.

లెక్కించి సత్యాన్ని రాబట్టే పద్ధతి ముస్లిం పండితులకు కొత్త కాదు. రహస్య లిపిని ఛేదించడానికి ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తున్నదో లెక్కించమని 9వ శతాబ్దిలోనే అల్ కిందీ బోధించాడు. పాచికకు పనికివచ్చే కొలతను 1900లో ఇంగ్లండుకు చెందిన కార్ల్ పియర్సన్ ఇచ్చాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన సి.ఆర్. రావు 1948లో ప్రతిపాదించిన విస్తృత పరీక్షలో ఇదీ ఒక ప్రత్యేక సందర్భమే.

దాని విధానం ఇది. పాచికను 600 సార్లు వేస్తే ఒక్కొక్క అంకె 100 సార్లు రావాలని ఆశిస్తాం. వచ్చిన సంఖ్యకూ వందకూ గల తేడాను దానితోనే హెచ్చించి, 100తో భాగించాలి. ఆరు అంకెలకూ అలా చేసి మొత్తం కూడాలి. ఉదాహరణకు ఒకటి నుండి ఆరు వరకు వరుసగా 108, 97, 105, 110, 96, 84 సార్లు వచ్చాయనుకుందాం. మొత్తం 4.70 అవుతుంది. నిజాయితీ గల పాచికకు ఈ మొత్తం వందకు అయిదు సందర్భాలలో మాత్రమే 11.07 దాటుతుంది. ఆరు 84 సార్లే వచ్చినా, ఇక్కడ మోసమని చెప్పడానికి ఆధారం లేదు. ఆరు 65 సార్లే వచ్చి, మిగిలినవి 107 చొప్పున వస్తే మొత్తం 14.70. అప్పుడు అనుమానానికి బలం చేకూరుతుంది. అయినా మరో 600 సార్లు వేసి చూడటమే న్యాయం.

ఈ పరీక్షకు హద్దులు కూడా ఉన్నాయి. ఒకటి, రెండు, మూడు అంటూ అంకెలు వరుసక్రమంలో పడితే ఒక్కొక్కటి సరిగ్గా వందసార్లే వస్తుంది, కాని అది పాచిక కాదు. కనుక ఏ అంకె తరువాత ఏ అంకె వస్తున్నదో కూడా చూడాలి. అలాగే డబ్బు లేని ఆటలో సరిగా నడిచిన యంత్రం, డబ్బు పెట్టిన ఆటలోనూ అలాగే నడుస్తుందన్న హామీ లేదు. లెక్క వంకరను బయటపెట్టగలదు. కనబడని సూత్రానికి పూచీ పడలేదు.

ఇక్కడ పాఠకులు రెండు ప్రశ్నలను వేరుచేసి చూడాలి. పాచిక సరైనదా అన్నది ఒకటి, దానిపై డబ్బు ఒడ్డవచ్చునా అన్నది మరొకటి. దివ్య ఖుర్ఆన్ మాయిదా సూరా 90, 91 ఆయతులలో మైసిర్‌ను, అనగా జూదాన్ని, నిషేధించినప్పుడు పాచిక సరైనదైతే ఫరవాలేదన్న మినహాయింపు ఇవ్వలేదు. అది మనుషుల మధ్య వైరాన్ని రేపుతుందనీ, దైవస్మరణ నుండి మళ్ళిస్తుందనీ కారణం చూపింది. సరైన పాచికతో ఓడిన కూలి డబ్బు కూడా ఇంటికి చేరదు. దేశ చట్టం కూడా ఈ దారికే వచ్చింది. 2017లో తెలంగాణ తన గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది.

అయితే మొదటి ప్రశ్న వృథా కాదు. ఆధారం లేని అనుమానానికి దూరంగా ఉండమని హుజురాత్ సూరా, తూకంలో తగ్గించేవారిని ముతఫ్ఫిఫీన్ సూరా హెచ్చరిస్తున్నాయి. డబ్బు లేకుండా ఆడే పిల్లలకు ఒక కాగితం, పెన్సిలు ఇచ్చి 600 అంకెలు వ్రాయిస్తే, స్నేహితుణ్ణి గాని యంత్రాన్ని గాని మోసగాడని అనేముందు లెక్క చూసుకొనే అలవాటు వారికి కలుగుతుంది.