అతిథులు హాల్లో, నేను వంటింట్లో!

మూడేళ్ళ క్రిందట ఒక శనివారం రాత్రి నలుగురు స్నేహితురాళ్ళని భోజనానికి పిలిచాను. వాళ్ళలో ఒకామె నాతో చదువుకున్నది. పన్నెండేళ్ళ తర్వాత మా వూరు వచ్చింది. ఆమెకి నా చేతి కోవా పెట్టాలన్న వుబలాటంతో రెండు లీటర్ల పాలు పొయ్యిమీద పెట్టి, అడుగంటకుండా కలుపుతూ నుంచున్నాను. హాల్లో ఒకటే నవ్వులు. "నువ్వొచ్చి కూర్చోరాదుటే!" అని వాళ్ళు, "ఇదిగో, అయిపోయింది!" అని నేను. తీరా కోవా గట్టిపడేసరికి ఆమెకి రైలు వేళయింది. పొట్లం కట్టి యిచ్చాను. గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, "నీ కోవాకోసం కాదే, నీకోసం వచ్చాను," అన్నది. నవ్వుతూనే అన్నది గానీ, ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది.

అప్పటినుంచీ ఒక నియమం పెట్టుకున్నాను: స్నేహితులు వచ్చాక నేను పొయ్యిదగ్గర నుంచోకూడదు. అందుకు ఓవెన్ కన్న మంచి తోడు లేదు. లోపల పెట్టి తలుపు వేశామా, గరిట తిప్పే పని లేదు. రెండో తోడు కండెన్స్‌డ్ పాల డబ్బా. మనం గంటలకొద్దీ పాలు మరగబెట్టేది అందులోని నీరు పోవడానికే కదా! ఆ పని డబ్బాలో ముందే జరిగిపోయింది; పంచదారా అందులోనే వున్నది. పాలను యిలా చిక్కబరిచే పద్ధతికి 1856లో గెయిల్ బోర్డెన్ అనే అమెరికావాడు పేటెంటు పొందాడు. 400 గ్రాముల డబ్బా ఒక్కటి తెస్తే ఆరుగురికి రెండు రకాల తీపి వస్తుంది.

పెరుగు జున్ను

పులవని గట్టి పెరుగు అరకిలో గుడ్డలో కట్టి, గంటసేపు వేలాడదీయండి. నీరు ఓడిన పెరుగులో సగం డబ్బా పాలు పోసి, వుండలు లేకుండా కలిపి, యాలకుల పొడి వేయండి. చిన్న గిన్నెల్లో పోసి, వాటిని లోతైన పళ్ళెంలో అమర్చి, గిన్నెల సగం యెత్తుదాకా వేడినీళ్ళు పోయండి. నీళ్ళు 100 డిగ్రీలు మించి వేడెక్కవు గనుక పెరుగు విరగదు. 160 డిగ్రీల ఓవెన్‌లో 25 నిమిషాలు చాలు. నడిమధ్య కాస్త వణుకుతూ వుండగానే తీసేయండి. చల్లారాక అదే గట్టిపడుతుంది. మధ్యాహ్నమే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే రాత్రికి ఆ వూసే వుండదు. జున్నుపాల రుచి రాదు గానీ, చెంచాకి తెగడం మాత్రం అచ్చం జున్నులాగే. ఓవెన్ లేనివారు గిన్నెలమీద మూతలు పెట్టి ఇడ్లీపాత్రలో ఆవిరిమీద వుడికించుకోవచ్చు.

ఓవెన్‌లో డబల్ కా మీఠా

హైదరాబాదు విందుల్లో పేరుపడ్డ తీపి యిది. బ్రెడ్డుని అక్కడ డబల్ రొట్టె అంటారు. పేరు అలా వచ్చింది. అసలు పద్ధతిలో ముక్కలు నేతిలో వేయించి, పాకంలో వేసి, చిక్కగా మరిగిన పాలు పోస్తారు. మన దగ్గిరదారి యిది: ఆరు బ్రెడ్డు ముక్కలకి రెండువైపులా నెయ్యి రాసి, 180 డిగ్రీల ఓవెన్‌లో పది నిమిషాలు యెర్రగా కాల్చండి. లోతైన పళ్ళెంలో పరిచి, మిగిలిన సగం డబ్బాలో 300 మిల్లీలీటర్ల వేడిపాలు, కాస్త కుంకుమపువ్వు కలిపి పైన పోయండి. పది నిమిషాలు నాననిచ్చి, జీడిపప్పు చల్లి, భోజనాలకి కూర్చునే ముందు మళ్ళీ ఓవెన్‌లోకి తోయండి. ఇరవై నిమిషాల్లో అంచులు కరకరలాడుతూ, నడుమ మెత్తగా తయారవుతుంది.

పోయిన నెలలో ఆ స్నేహితురాలు మళ్ళీ వచ్చింది. ఈసారి ఆమె పక్కనే కూర్చుని తిన్నాను. ఆనాడు చెప్పుకుందామని వచ్చి, చెప్పుకోకుండానే వెళ్ళిపోయిన సంగతి యిప్పుడు చెప్పింది: వాళ్ళమ్మ పోయిందిట. ఓవెన్ గంట మోగింది. ఆమె మాట పూర్తయ్యేదాకా నేను లేవలేదు. బ్రెడ్డు అంచులు కాస్త మాడాయి. అయినా పళ్ళెంలో ఒక్క ముక్క మిగల్లేదు సుమండీ!