మెరిసే మీటలా? వేలాడే తీగలా?

పేరుమోసిన రెండు విశ్వవిద్యాలయాల్లో సీటు వస్తే దేనిలో చేరాలి? పై చదువులకు వెళ్ళే పిల్లలు ఏటా అడిగే ప్రశ్న ఇది. తల్లిదండ్రులైతే "రెండింట్లో ఏది గొప్పదండీ?" అంటారు. ప్రశ్న అలా వేస్తే జవాబు దొరకదు. 1939లో రిచర్డ్ ఫైన్‌మన్ అనే అమెరికా కుర్రవాడికి ఇలాంటి చిక్కే వచ్చింది. అతడి సంగతి చూద్దాం.

ఫైన్‌మన్ మసాచుసెట్స్ టెక్నాలజీ సంస్థలో నాలుగేళ్ళు చదివాడు. దానికి పొట్టిపేరు ఎం.ఐ.టి. సైన్సుకు దేశంలో అంతకంటె మంచి చోటు లేదని అతడి నమ్మకం. అందుకని పై చదువూ అక్కడే అన్నాడు. భౌతికశాస్త్ర ఆచార్యుడు స్లేటర్ ఒప్పుకోలేదు. బయటి ప్రపంచం ఎలా ఉందో చూడాలి, మరో చోటికి వెళ్ళు అన్నాడు! చురుకైన శిష్యుణ్ణి చేతులారా వదులుకోవడం మాటలు కాదు. అలా ఫైన్‌మన్ ప్రిన్స్‌టన్ చేరాడు.

చేరగానే అతడు చూడాలనుకున్నది అక్కడి సైక్లోట్రాన్‌ని. పరిశోధన పత్రికల్లో సైక్లోట్రాన్ ఫలితాలు ఎం.ఐ.టి. నుంచి అంతగా వచ్చేవి కావు. ప్రిన్స్‌టన్ నుంచి మాత్రం మెండుగా వచ్చేవి. ఎందుకని?

ఇంతకూ సైక్లోట్రాన్ అంటే ఏమిటి? లారెన్స్ అనే శాస్త్రజ్ఞుడు బర్క్‌లీలో కనిపెట్టిన యంత్రం. దానికే ఆయనకు 1939లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇంగ్లీషు 'డి' అక్షరంలా ఉండే రెండు బోలు లోహపు పెట్టెలను ఎదురెదురుగా, పెద్ద అయస్కాంతపు ధ్రువాల మధ్య ఉంచుతారు. లోపలి గాలి తీసేస్తారు. నడుమ ప్రోటాన్లను వదిలితే అయస్కాంతం వాటిని గుండ్రంగా తిప్పుతుంది. పెట్టెల మధ్య సందు దాటినప్పుడల్లా విద్యుత్తు వాటిని ఒక తోపు తోస్తుంది. ఉయ్యాల ఊపేటప్పుడు మీరు అదను చూసి తోయరూ? అలాగన్నమాట. వేగం పెరిగేకొద్దీ వలయమూ పెద్దదవుతుంది. చివరికి ఆ కణాలు పోయి పరమాణు కేంద్రకాన్ని ఢీకొంటాయి. ఎక్కడైనా రవ్వంత గాలి చొరబడిందా, పని ఆగిపోతుంది.

ఎం.ఐ.టి.లో యంత్రం ఒక గదిలో, దాన్ని నడిపే మీటలు మరో గదిలో ఉండేవి. తీగలన్నీ కంటికి కనబడకుండా గొట్టాల్లో సాగేవి. చూడముచ్చటైన ఏర్పాటు! ప్రిన్స్‌టన్‌లో నేలమాళిగలోకి దిగితే ఎక్కడ చూసినా వేలాడే తీగలు, బొట్లుబొట్లుగా కారే నీళ్ళు, అతుకులకు మైనం, బల్లల నిండా పనిముట్లు. ఫైన్‌మన్‌కు చిన్నప్పుడు ఇంట్లో తాను పెట్టుకున్న ప్రయోగశాల గుర్తొచ్చింది. ఫలితాలు ఎక్కువ రావడానికి కారణమూ బోధపడింది. ఇక్కడ యంత్రాన్ని కట్టినవాళ్ళే దానితో పనిచేస్తున్నారు. ఏది చెడినా క్షణాల్లో చెయ్యిపెట్టి సరిచేసుకుంటున్నారు.

అలాగని చిందరవందరగా ఉన్నదల్లా మంచి ప్రయోగశాల అనుకోకండి. బీరువాలో పెట్టి తాళం వేసిన మైక్రోస్కోపు ఎంత ఖరీదైనదైతేనేం, మీకు ఉపయోగమేమిటి? కాలేజీ చూడబోయినప్పుడు భవనాలకంటె ముందు అక్కడి విద్యార్థులను పలకరించండి. పరికరాలు మిమ్మల్ని ముట్టుకోనిస్తారా? పాఠం చెప్పే ఆచార్యుణ్ణి గదికి వెళ్ళి కలవవచ్చునా? ఏ ప్రకటనలోనూ ఇవి ఉండవు.

ప్రిన్స్‌టన్‌లో ఫైన్‌మన్‌కు దొరికిన గురువు జాన్ వీలర్. అప్పటికి ముప్పై ఏళ్ళయినా నిండలేదు. మొదటి భేటీలో వీలర్ జేబుగడియారం తీసి బల్లమీద పెట్టాడు, నీకింతే సమయం అన్నట్టు. మరుసటిసారి ఫైన్‌మన్ కూడా ఒక చవక గడియారం తెచ్చి పక్కన పెట్టాడు! ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ స్నేహంలోంచి పుట్టిన సిద్ధాంతంపై ఫైన్‌మన్ తొలి ప్రసంగం చేసినప్పుడు ఐన్‌స్టైన్ వచ్చి కూర్చున్నాడు.

సైక్లోట్రాన్ గది ఏమైందంటారా? నీళ్ళు చిమ్ముతూ తిరిగే గొట్టాన్ని నీళ్ళలో ముంచి, లోపలికి పీల్చుకునేట్టు చేస్తే ఎటు తిరుగుతుంది? ఇది తేల్చడానికి ఫైన్‌మన్ పెద్ద గాజుజాడీ ఒకటి ఆ గదిలోనే పెట్టి, దానిలోకి గాలి ఒత్తిడి పెంచుకుంటూ పోయాడు. జాడీ కాస్తా ఫెళ్ళున పేలి గదినిండా నీళ్ళూ గాజుముక్కలూ!