మోటారుసైకిలు గేరు కీళ్లు: కందెనయు, కీలు మార్పును

గడచిన నాట్ల దినములలో ఒక రైతు సోదరుడు తన మోటారుసైకిలును నడిపించుకొని మా యొద్దకు వచ్చెను. పాలకేంద్రమునకు రెండు క్యానులు కట్టుకొని కాలువగట్టు ఎక్కుచు, మొదటి గేరునుండి రెండవదానికి మార్చబోగా, బండి ఏ గేరునను నిలువక వెనుకకు జారినదట. పాలు నేలపాలయినవి, కాలు మాత్రము దక్కినది. గేరుపెట్టె విప్పవలెనని మరమ్మతుదారుడు చెప్పిన ఖర్చు, ఎకరము వరికి వేయు ఎరువుల వెలకు తక్కువ గాదు.

మేము చూడగా గేరుపెట్టెలో దోషమేమియు కానరాలేదు. దమ్ము మడిలోని బురద పెడలు కీలులో జొరబడి, యెండి, ఇటుకవలె గట్టిపడియుండెను.

ఈ సంగతి తెలియుటకు బండి యెడమ ప్రక్కన కూర్చుండి చూడవలెను. కొన్ని బండ్లలో పెడలు నేరుగా గేరుపెట్టెనుండి వెలికి వచ్చిన ఇరుసునకే బిగింపబడియుండును. వానికి ఈ బాధ స్వల్పము. కుడికాలి గేరు గల పాత బుల్లెట్టులో సైతము పెడలు గేరుపెట్టెమీదనే యుండెడిది. మరికొన్నిటిలో పెడలు వేరొక బోల్టుపై తిరుగుచు, ఒక సన్నని కడ్డీద్వారా ఇరుసుమీది చిన్నచేతిని కదల్చును. కడ్డీ రెండు కొనలను గుండుకీళ్లుండును. ఈ మూడు కీళ్లలో దేని యరుగుదల యైనను పెడలు కొనకు వచ్చుసరికి పెరిగి కనబడును.

పరీక్ష సులభము. ఇంజను ఆపి, చిన్నచేతిని ఒక చేత కదలకుండ పట్టుకొని, రెండవ చేత పెడలును ఆడింపుడు. చేయి కదలకయే పెడలు ఆడినచో లోపము కీళ్లలోనిదే. పెడలు త్రొక్కి విడిచినపుడు తన చోటికి తిరిగి రానిచో, బురదయో త్రుప్పో పట్టినదని యనుమానింపవలెను. క్లచ్చి తీగె వదులైనను గేరు కష్టముగా పడును గనుక దానినిగూడ ఒకసారి చూచుకొనుడు.

విప్పుటకు ముందు, ఇరుసుపండ్లమీద చేయి ఎచ్చట నున్నదో సున్నముతో గీటు పెట్టవలెను. బిగింపుబోల్టును వదులు చేసినంత చాలదు. చాలా బండ్లలో అది ఇరుసుగాడిలో దూరియుండును గనుక పూర్తిగా తీయవలెను. ఇది తెలియక సుత్తితో కొట్టి ఇరుసు చెడగొట్టుకొన్నవారిని చూచియున్నాము. కీళ్లను కిరసనాయిలుతో పాత పండ్లబ్రష్షుచే కడిగి, తుడిచి, ఆరనిచ్చి, త్రుప్పును సన్నని గరుకు కాగితముతో తీసి, లిథియము గ్రీజు పలుచగా పూయవలెను. ఎక్కువ పూసిన దుమ్ము పట్టును. మన పెద్దలు ఎడ్లబండి ఇరుసునకు ఆముదములో గడ్డిమసి కలిపి కందెన పెట్టిరి. ఆ మందగమనమునకు అది తగినదే. ఇచ్చట మాత్రము ఆముదము జిగురుకట్టును. ఇంజనునుండి దించిన నల్లనూనె కారిపోవుటయేగాక ఇనుపరజనుగూడ తెచ్చును.

గుండుకీలు గలగలలాడుచున్నచో గ్రీజుతో నయము కాదు. కీలు మార్చవలసినదే. అంగళ్లలో 'రాడ్ ఎండ్' బేరింగులని ఉక్కుకీళ్లు దొరకును. రబ్బరు తొడుగు గలవానినే కొనుడు. బురదపొలములకు పోవు బండికి తొడుగులేని కీలు ఎంత ఖరీదైనదైనను నిలువదు. పాతకీళ్లను వెంట తీసికొనిపోయి మరల కొలత సరిచూడవలెను. ఒక కొనకు కుడిమర, రెండవ కొనకు ఎడమమర యుండుట సామాన్యము. అందుచేతనే లాకునట్టులు రెండును వదులుచేసి కడ్డీని త్రిప్పినచో, దానిని విప్పకయే పెడలు ఎత్తు మారును. 6 మిల్లీమీటర్ల మర యైనచో కనీసము 9 మిల్లీమీటర్లు లోనికి పోయియుండవలెను. కడ్డీయు చిన్నచేయియు ఇంచుమించు మూలమట్టముగా నున్నచో కాలిబలము సరిగా అందును.

పెడలు రంధ్రమే అరిగియున్నచో లేతుమరవానిచే కంచు బుష్షు వేయింపవచ్చును. చిన్నచేతి పండ్లు అరిగినపుడు దానిని ఇరుసునకు వెల్డింగు చేయించుట మన గ్రామములలో కలదు. ఇది వలదని గట్టిగా చెప్పుచున్నాము. ఆ వేడికి ఆయిలుసీలు కాలి నూనె కారును. పిమ్మట ఆ ప్రక్క మూత తీయుటకు చేతిని కోయవలసివచ్చును. కొత్తచేయి స్వల్పవెలకు దొరకును. ఇరుసు మార్చుటకైతే ఇంజను విప్పవలెను.

బిగించిన తరువాత బండిని నడిమి స్టాండుమీద నిలిపి, ఇంజను ఆపియే, వెనుకచక్రమును చేత త్రిప్పుచు అన్ని గేర్లును పైకి క్రిందికి మార్చి చూడవలెను. ఆ రైతు సోదరుని బండికి రెండు గుండుకీళ్లును మార్చితిమి. పెడలుకీలు కడిగి గ్రీజు పెట్టుటతోనే బాగుపడెను. మరునాటి ఉదయము అతడు అదే గట్టుమీదుగా పాలు తీసికొనిపోయెను.