తమ్ముడికో ఇల్లు

మా తమ్ముడు మా ఇంట్లో ఉండడు. తెనాలిలో మా ఇంటికి రెండు వీధుల అవతల, ఒక పాత డాబా వెనక పోర్షన్‌లో ఒక్కడే ఉంటాడు. ఒక గది, వంటగది, బయట పంపు. తాళంచెవి వాడి దగ్గరే ఉంటుంది, ఇంకోటి నా దగ్గర. బంధువుల్లో కొందరికి ఇది ఇప్పటికీ మింగుడుపడదు. "సొంత అక్క అయ్యుండి బాగోలేని తమ్ముణ్ణి బయట పెట్టింది" అని పెళ్లిళ్లలో నా వెనక అనుకుంటారు. వాళ్లకి జవాబు చెప్పాలని కాదు గానీ, ఇలాంటి కొడుకునో కూతుర్నో ఇంట్లో పెట్టుకుని "నేను పోయాక వీడెక్కడుంటాడు" అని నిద్రపట్టక లేచి కూర్చునే తల్లులు ఎంతోమంది ఉన్నారు. ఆసుపత్రి ఓపీ బెంచీల మీద వాళ్లతో మాట్లాడుతూ ఏళ్లు గడిపాను. ఆ పోర్షన్ సంగతి వాళ్ల కోసం రాస్తున్నాను.

వాడిది స్కిజోఫ్రెనియా. డిగ్రీ రెండో ఏట మొదలైంది. ఎవరూ లేనిచోట గొంతులు వినపడటం, అన్నంలో ఏదో కలిపారన్న అనుమానం, కిటికీలకి కాయితాలు అంటించుకోవడం. ఇప్పుడు క్లోజపిన్ వాడతాడు. మిగతా మందులకి లొంగని జబ్బుకి ఇచ్చే మందు అది. తెల్ల రక్తకణాలు పడిపోయే ప్రమాదం ఉంది గనక మొదట్లో వారం వారం, తర్వాత నెలనెలా రక్తపరీక్ష చేయించాలి. మందుతో గొంతులు దూరం జరిగాయి, పూర్తిగా పోలేదు. వాటితోనే బతకడం వాడు నేర్చుకున్నాడు.

అమ్మానాన్నా ఉన్న రోజుల్లో వాడు వాళ్లతోనే ఉండేవాడు. ఆసుపత్రిలో కొన్ని వారాలుండి తేరుకుని వచ్చేవాడు. ఇంటికొచ్చిన కొన్నాళ్లకే మళ్లీ మొదలయ్యేది. నాన్న చెడ్డవాడు కాదు. కానీ పొద్దున లేస్తే "ఇంకా పడుకున్నావేంరా, స్నానం చెయ్యి, గడ్డం గీసుకో, నీ ఈడువాళ్లు ఇళ్లు కట్టుకుంటున్నారు" అని అంటూనే ఉండేవాడు. అమ్మ ఒక్క క్షణం వదిలిపెట్టేది కాదు, ముద్దలు కలిపి నోట్లో పెట్టేది, వాడి ఎదుటే ఏడ్చేది. రెండు గదుల ఇంట్లో ముగ్గురూ రోజంతా ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉండేవాళ్లు.

ఇలాంటి ఇళ్ల గురించి శాస్త్రం ఎప్పుడో చెప్పిందని చాలాకాలం తర్వాత చదివాను. 1950లలో లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే సామాజిక శాస్త్రవేత్త, ఏళ్ల తరబడి మానసిక ఆసుపత్రుల్లో ఉండి విడుదలైన మగవాళ్లు బయట ఎలా ఉన్నారో సహచరులతో కలిసి పరిశీలించాడు. తల్లిదండ్రుల దగ్గరికో భార్య దగ్గరికో వెళ్లినవాళ్ల కంటే, అద్దె గదులకీ తోబుట్టువుల దగ్గరికీ వెళ్లినవాళ్లు మెరుగ్గా నిలబడ్డారని 1958లో ప్రకటించారు. అందరూ అనుకున్నదానికి అది ఎదురుగా ఉంది. కారణం వెతుక్కుంటూ పోతే ఇంట్లో మాటల తీరు దగ్గర తేలింది. అస్తమానం తప్పుపట్టడం, ద్వేషం, లేదా ఊపిరాడనివ్వనంత అతి శ్రద్ధ ఉన్న ఇళ్లలో జబ్బు త్వరగా తిరగబెడుతోంది. అలాంటి ఇంట్లో వారానికి 35 గంటలకు మించి ఎదురుబొదురుగా గడిపితే ప్రమాదం ఇంకా ఎక్కువ. 1980లలో చండీగఢ్‌లో డాక్టర్ ఎన్.ఎన్. విగ్ బృందం అదే కొలతతో చూసినప్పుడు లండన్ కంటే మన దగ్గర ఇలాంటి ఇళ్లు బాగా తక్కువ కనిపించాయి. మన కుటుంబాలకి ఓర్పు ఎక్కువే. కానీ ఓర్పుకీ ఓ వయసుంటుంది. డెబ్భై ఏళ్ల తల్లి నలభై ఏళ్ల కొడుకుని ఎంతకాలం కాస్తుంది?

మన దేశం కుటుంబాన్ని నమ్ముకున్న తీరు గొప్పదే, కాదనను. అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ రోగితో పాటు ఇంటివాళ్లనీ ఆవరణలో గుడారాలేసి ఉంచాడు. 1950లలోనే ఆ పని చేశాడాయన. జబ్బంటే ఏమిటో కళ్లారా చూసిన కుటుంబం రోగిని వదిలేయదని ఆయన నమ్మకం, అది నిజమైంది కూడా. అయితే ఆ నమ్మకం మీదే ప్రభుత్వాలు నిశ్చింతగా కూర్చున్నాయి. కుటుంబం అలిసిపోయాక ఏం చేయాలో ఎవరూ ఆలోచించలేదు. దాని ఫలితం 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో చూశాం. దర్గా దగ్గర ఓ ప్రైవేటు పాకలో గొలుసులతో కట్టేసి ఉంచిన రోగులు, తెల్లవారుజామున నిప్పంటుకుంటే లేచి పరిగెత్తలేక కాలిపోయారు. 28 మంది చనిపోయారు. వాళ్లని అక్కడ వదిలినవాళ్లలో ఎక్కువమంది ఇక మరో దారి కనపడనివాళ్లేనని నేను అనుకుంటాను.

మరో దారి ఉందని నాకు నమ్మకం కలిగించింది చెన్నైలోని 'బాన్యన్' సంస్థ. వందనా గోపీకుమార్, వైష్ణవీ జయకుమార్ 1993లో దాన్ని మొదలుపెట్టారు. రోడ్ల మీద మతి చలించి తిరుగుతున్న ఆడవాళ్లని తీసుకొచ్చి వైద్యం చేయించి, ఊరూ పేరూ కనుక్కుని ఇళ్లకి చేర్చేవాళ్లు. కానీ కొందరికి ఇల్లంటూ లేదు. కొందరి ఇంటివాళ్లు తలుపు తీయలేదు. కొందరికి తిరిగి వెళ్లాలని లేదు. వాళ్లంతా ఆశ్రమంలోనే ఏళ్ల తరబడి ఉండిపోయారు. 2015లో బాన్యన్ 'హోమ్ ఎగైన్' అని మొదలుపెట్టింది. మామూలు వీధిలో, మామూలు పల్లెలో ఒక ఇల్లు అద్దెకు తీసుకోవడం, నలుగురైదుగురు కలిసి అందులో కాపురం ఉండటం. ఏం వండుకోవాలో, ఎప్పుడు పడుకోవాలో, గోడకి ఏ పటం తగిలించాలో వాళ్లిష్టం. తోడుగా ఉండటానికి శిక్షణ ఇచ్చిన మామూలు ఆడవాళ్లుంటారు. పెద్ద డిగ్రీలేమీ ఉండవు, బజారుకి వెళ్లేటప్పుడు వెంట వెళ్లడం, మందులు గుర్తుచేయడం, పొరుగింటివాళ్లతో మాట కలపడం వాళ్ల పని. ఎవరికి ఎంత అవసరమో అంతే సాయం. కేరళకి, అస్సాంకి, మహారాష్ట్రకి కూడా ఈ పద్ధతి వెళ్లింది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సమాజంలోనే అందించే మానసిక వైద్యం గురించి మార్గదర్శకాలు వెలువరించినప్పుడు, చూసి నేర్చుకోదగ్గవాటిలో హోమ్ ఎగైన్‌ని చేర్చింది.

ముందు పూర్తిగా నయం కావాలి, ఆ తర్వాతే ఇల్లు అని మనం అనుకుంటాం. బాన్యన్‌వాళ్లు ఇల్లు ముందిచ్చారు. న్యూయార్క్‌లో 1992లో సామ్ త్సెంబెరిస్ అనే ఆయన కూడా, వీధుల్లో ఉన్న మానసిక రోగులకి ఏ షరతూ పెట్టకుండా ముందు ఇల్లిచ్చి, ఆ తర్వాత వైద్యం మాట ఎత్తాడు. మా తమ్ముడి విషయంలో నేను చూసిందీ ఇదే. తన గది తాను ఊడ్చుకోవడం మొదలుపెట్టాకే వాడు స్నానం మానకుండా చేశాడు. ముప్పై ఏళ్లుగా మేం చెప్పి చేయించలేనిది అది.

వాడి రోజు ఎలా గడుస్తుందో చెబుతాను. పొద్దున టీ తనే పెట్టుకుంటాడు. రెండు పూటలా కుక్కర్‌లో అన్నం, పప్పు, ఉన్న కూర. మధ్యాహ్నం ఓ బైండింగ్ షాపులో పుస్తకాలు కుడతాడు. ఓనరుకి జబ్బు సంగతి తెలుసు, వాడు రాని రోజున తిట్టడు, నాకు ఫోన్ చేస్తాడు. సాయంత్రం మా ఇంటికొచ్చి కాసేపు కూర్చుని, "వెళ్లొస్తానక్కా" అని లేస్తాడు. ఆదివారం నేను వెళ్లి వారం మందుల డబ్బా నింపి వస్తాను. ఇంటిగల మామ్మగారు రాత్రి పదికి వాడి గదిలో లైటు ఆరిందో లేదో చూస్తుంది. ఆవిడకి మానసిక శాస్త్రం తెలియదు. కానీ వాడి జబ్బు తిరగబెడుతోందనడానికి మొదటి గుర్తు నిద్ర పట్టకపోవడమని ఆవిడకి తెలుసు, అది నేను చెప్పిపెట్టాను.

జబ్బు తిరగబెట్టే సంక్షోభం గురించి కూడా వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఎంత మంచి ఇల్లు చూపించినా, ఒక చెడ్డ రాత్రి దాన్ని కూల్చేయగలదు. పాత రోజుల్లో వాడికి తిరగబెట్టినప్పుడు నలుగురు బంధువులొచ్చి తువ్వాళ్లతో చేతులు కట్టి, వీధంతా చూస్తుండగా ఆటోలో కుక్కి తీసుకెళ్లారు. వాడు ఆ గొంతుల్ని మర్చిపోయిన రోజులున్నాయి గానీ ఆ ఆటోని మర్చిపోలేదు. తర్వాత ఆ వీధిలోకి వెళ్లడానికే ఇష్టపడేవాడు కాదు.

ఇప్పుడు మా దగ్గర ఒక కాయితం ఉంది. వాడు బాగున్న రోజున వాడి చేతే రాయించాను. వరసగా రెండు రాత్రులు నిద్ర లేకపోయినా, బయట తిండి మానేసినా, కిటికీకి కాయితం అంటించినా అక్కకి చెప్పాలి. గదిలోకి ఒక్కరే రావాలి. టీవీ కట్టేయాలి. "అలాంటిదేం లేదు, అంతా నీ భ్రమ" అని వాదించకూడదు. ఏ మందు ఇస్తే ఒళ్లు బిగుసుకుపోతుందో రాశాడు. ఏ డాక్టరు దగ్గరికి వస్తాడో, ఎవరి స్కూటరెక్కుతాడో రాశాడు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఐదో సెక్షన్‌లో ఈ హక్కు ఉంది. తనకి బాగోలేనప్పుడు ఎలాంటి వైద్యం కావాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టుకోవచ్చు. తన తరఫున మాట్లాడే మనిషిని పద్నాలుగో సెక్షన్ కింద తనే ఎంచుకోవచ్చు.

ప్రాణానికి ముప్పున్న అత్యవసరంలో ఏ రిజిస్టర్డ్ డాక్టరైనా, ఇంటి దగ్గరైనా సరే, 72 గంటల వరకు అత్యవసర చికిత్స ఇవ్వొచ్చని ఇదే చట్టం తొంభై నాలుగో సెక్షన్ చెబుతోంది. రోడ్డు మీద దిక్కులేకుండా తిరుగుతున్న మానసిక రోగి పోలీసుల కంటపడితే, 24 గంటల్లోగా దగ్గరలోని ప్రభుత్వ వైద్యశాలకి చేర్చాలి, లాకప్‌లో పెట్టకూడదు. గొలుసులతో కట్టడం నిషేధం. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి ఏ వేళప్పుడు చేసినా తెలుగులో మాట్లాడేవాళ్లుంటారు. మామ్మగారి గోడ మీద ఆ నంబరు పెద్ద అక్షరాలతో రాసి పెట్టాను.

కానీ ఫోను మనిషి కాదు గదా. అర్ధరాత్రి ఆ గది ముందు నిలబడడానికి ఒక నర్సో, డాక్టరో రావాలి. మా దగ్గర అటు ఇల్లుంది, ఇటు ఆసుపత్రుంది, మధ్యలో ఏమీ లేదు. ఇటలీలో డాక్టర్ ఫ్రాంకో బజాలియా పోరాటంతో 1978లో మానసిక ఆసుపత్రులు మూసేయాలని చట్టం వచ్చింది. అప్పటికే ఆయన పనిచేసిన ట్రీస్టే నగరంలో పేటపేటకీ రోజుకి 24 గంటలూ తెరిచి ఉండే కేంద్రాలు వెలిశాయి. ఒక్కో కేంద్రంలో ఆరో ఎనిమిదో మంచాలు. బాగోలేనివాడు తనే నడిచి వెళ్లి రెండు మూడు రోజులుండి రావచ్చు, లేదా అక్కడివాళ్లే ఇంటికొస్తారు. ఎర్రగడ్డ, విశాఖ లాంటి పెద్ద ఆసుపత్రులకి తోడుగా జిల్లాకి ఒకటైనా అలాంటి చిన్న చోటు ఉంటే ఎన్ని ఆటో ప్రయాణాలు తప్పుతాయో.

ఆశ్రయ వసతి, సాయంతో కూడిన నివాసం, హాఫ్‌వే హోమ్‌లు ప్రభుత్వం ఏర్పాటు చేయాలని మన 2017 చట్టం పద్దెనిమిదో సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. కుటుంబం లేదనో, రానివ్వడం లేదనో, బయట చోటు లేదనో ఒక మనిషిని ఆసుపత్రిలోనే ఉంచేయకూడదని పంతొమ్మిదో సెక్షన్ అంటుంది. అయినా 2019లో వెలువడిన ఒక అధ్యయనం దేశంలోని 43 ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లో చూస్తే, ఉన్నవాళ్లలో మూడో వంతుకి పైగా ఏడాదికి మించి అక్కడే ఉన్నవాళ్లు. ఇంకో లోటు కూడా ఉంది. ఆటిజం, బుద్ధిమాంద్యం లాంటివాటి కోసం 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం పరిధిలోకి మానసిక అనారోగ్యం రాదు. మా బాధ అక్కడ కూడా బయటే ఉంది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక అనారోగ్యం ఒక వైకల్యమే. సదరం సర్టిఫికెట్‌లో 40 శాతం, అంతకు మించి ఉంటే పింఛనుకి అర్హత ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో అది నెలకి 6,000 రూపాయలు. దాంతో అద్దె, గ్యాసు, కిరాణా గడవాలంటే ఒక్కడికి కష్టం. ముగ్గురు కలిస్తే గడుస్తుంది.

అందుకే ఇప్పుడు ఓపీ బెంచీ మీద పరిచయమైన ఇద్దరు తల్లులతో కలిసి ఒక పెద్ద ఇల్లు చూశాం. మా తమ్ముడికీ, వాళ్ల బిడ్డలిద్దరికీ మూడు గదులు, ఒకే వంటిల్లు. పక్క వీధిలో ఉండే ఒకావిడ పొద్దునా సాయంత్రం వచ్చి చూసుకోవడానికి ఒప్పుకుంది, జీతం ముగ్గురం పంచుకుంటాం. ఇంటాయన ఒక్క మాట మీద ఆగాడు. అద్దె కాయితం మా పేర్ల మీద రాయమన్నాడు, వాళ్ల పేర్ల మీద చెల్లదని. 1872 నాటి కాంట్రాక్టు చట్టం పన్నెండో సెక్షన్ తీసి చూపించాను. మామూలుగా మతి చలించి ఉండే మనిషైనా, స్థిమితంగా ఉన్న సమయంలో ఒప్పందం చేసుకోవచ్చని అందులో ఉంది. హామీ సంతకాలు మేం చేస్తాం, కాయితం మాత్రం ముగ్గురి పేర్ల మీదే ఉండాలని గట్టిగా చెప్పాం. ఇది ఆషాఢం, శూన్యమాసంలో ఎవరూ ఇల్లు మారరు. శ్రావణం రాగానే అడ్వాన్సు ఇస్తాం. మామ్మగారి పోర్షన్ ఆ నెల కూడా ఖాళీ చేయకుండా ఉంచుతున్నాం, వాడికి అక్కడ నచ్చకపోతే తిరిగి రావడానికి.